మీట పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
గదిని వీడునపుడు గాలియు దీపము
నిలుపవలయు గుర్తు నిలుపుకొనుచు;
మీట నొక్కు చేయి మిక్కిలి నొచ్చునే?
వత్సవాయి బడికి భారమేల?

అవతారిక: కృష్ణా జిల్లా మెట్టలోని వత్సవాయి 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారింది గానీ ఎండ మారలేదు. ఒంటిపూట బడులు మొదలయ్యేనాటికి ఫ్యాను తిరగని గదిలో ఎక్కం తలకెక్కదు. 2019 నవంబరు 14న రాష్ట్రంలో మొదలైన ‘నాడు-నేడు’ బడి పనుల్లో ఫ్యాన్లకూ ట్యూబ్‌లైట్లకూ చోటు దొరికింది. గాలి వచ్చాక, దాన్ని ఆపమని చెప్పడానికి పద్యం కావలసివచ్చింది. కవీ వ్యాఖ్యాతా ఒకరే కాబట్టి కవిహృదయం మీద తగాదా లేదు. తక్కిన అన్నిటి మీదా ఉంది.

ప్రతిపదార్థం: గదిని = తరగతి గదిని, ఆఫీసు గదిని, మీటింగు హాలును; వీడునపుడు = లాంగ్‌బెల్ కొట్టగానే, టీకి లేచినప్పుడు కూడా; గాలియు = ఫ్యానును (కార్యం చెప్పి కారణాన్ని గ్రహించమనడం లక్షణ); దీపము = ట్యూబ్‌లైటును; గుర్తు నిలుపుకొనుచు = జ్ఞాపకం ఉంచుకొని; నిలుపవలయు = ఆపవలెను; మీట నొక్కు చేయి = స్విచ్ నొక్కే చేయి; మిక్కిలి నొచ్చునే = అంతగా నొప్పి పెడుతుందా? (పెట్టదు); వత్సవాయి బడికి = ఇది ఉపలక్షణం, జగ్గయ్యపేట, నందిగామ ఆఫీసులు తమకు కాదనుకోరాదు; భారమేల = కరెంటు బిల్లు బరువు ఎందుకు?

పూర్వపక్షం: ‘దీపము నిలుపవలయు’ అంటే దీపం కొండెక్కకుండా కాపాడమనే కదా అని కొందరు. అఖండదీపం విషయంలో అది సాధువే. పట్టపగలు కిటికీలు మూసి, లైట్లు వేసి ఫైళ్ళు చూసే ఆఫీసులు ఈ అర్థాన్నే ప్రమాణంగా స్వీకరించినట్టు కనబడుతుంది. రెండో పాదం దాకా వచ్చి ఆగిపోయినవారి భ్రాంతి ఇది. నాలుగో పాదంలో బిల్లు ఉంది.

కర్తృవిచారం: అసలు చిక్కు ఇక్కడ. పద్యంలో క్రియ ఉంది, కర్మ ఉంది, కర్త లేడు. నిలుపవలయును సరే, ఎవరు? అధ్యాహారం చేసుకోవాలి. హెడ్మాస్టరుగారి మతంలో కర్త క్లాసు టీచరు. టీచరుగారి మతంలో క్లాసు లీడరు. లీడరు మతంలో చివరి బెంచీవాడు. లాంగ్‌బెల్ మోగేసరికి తాను గేటు దగ్గర ఉంటాడు కాబట్టి ఈ చర్చ తనకు వర్తించదని చివరి బెంచీవాడి మతం. ఆఫీసుల్లో మతభేదం లేదు. కర్త అటెండరు.

ఇంతలో కరెంటు పోతుంది. ఫ్యాను దానంతటదే ఆగింది కాబట్టి మీట సంగతి ఎవరికీ తోచదు. పిల్లలు వెళ్తారు, గదికి తాళం పడుతుంది, సాయంత్రం కరెంటు వస్తుంది. తాళం వేసిన గదిలో ఖాళీ బెంచీలకు తెల్లవార్లూ గాలి.

సిద్ధాంతం: బోర్డు మూల హాజరు సంఖ్య వేసేచోట, దాని కిందే ఆనాటి మీట బాధ్యుడి పేరు రాయాలి. కరెంటు లేని వేళ కూడా మీటలన్నీ కిందా పైనా చూసి వెళ్ళడం వాడి పని. మనిషి కుదరనిచోట యంత్రమే కర్త. ఇందుకు ఏసీ నిదర్శనం: 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002 మార్చి 1న ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) చొరవతో, 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఆ సంస్థ లెక్క. 18కి తగ్గించి శాలువా కప్పుకొనే అధికారికి ఏ శాస్త్రమూ చాలదు.

తాత్పర్యం: గది వదిలేటప్పుడు ఫ్యానూ లైటూ ఆపండి. ఆపేది ఎవరో ముందే తేల్చుకోండి.

ఫలశ్రుతి: 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లు నాలుగు ఉన్న గదిని సాయంత్రం 4 నుంచి ఉదయం 9 దాకా మరిచిపోతే దాదాపు ఆరున్నర యూనిట్లు. బొగ్గు కరెంటయితే నాలుగు కిలోలకు పైగా బొగ్గు కాలినట్టే. 1979 నుంచి ఇబ్రహీంపట్నంలో నడుస్తున్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రం కాల్చేది అదే. ఆ ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే అదే మరుపుకు మూడున్నర యూనిట్లలోపే, అంటే దాదాపు సగం ఖర్చు.

బిల్లు తగ్గితే మీట నొక్కిన పిల్లవాడికి మార్కులు పెరగవు, అటెండరుకు జీతం పెరగదు. ఫలాపేక్ష లేని కర్మ కోసం వెతికేవారికి ప్రతి సాయంత్రం నాలుగింటికి అది గోడ మీద సిద్ధంగా ఉంటుంది. కర్తే రావాలి.