మైకంటే మాదిరా అబ్బాయ్!

ట్రాలీ ఆటో మీద పెట్టెలు పేర్చి గుండెలు అదరగొడతారే, దాన్ని మైకు అంటారా? దంచుడే తప్ప మాట వినపడి చావదు. భోజనాలకు రమ్మన్నారో, పెళ్లికూతుర్ని తెమ్మన్నారో తెలియక జనం మొహాలు చూసుకుంటున్నారు.

మా రోజుల్లో చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లకు కరెంటెక్కడిది? ఒక లారీ బ్యాటరీ, ఒక ఆంప్లిఫయరు, ఒక అల్యూమినియం గొట్టం. గొట్టాన్ని చింతకొమ్మకు కట్టి, వెనక యూనిట్ బిగించి "హలో, మైక్ టెస్టింగ్" అంటే వాగవతల పశువుల కాపరి కూడా తలెత్తేవాడు. పేపరు స్పీకరు తిన్న కరెంటులో శబ్దంగా మార్చేది నూటికి ఒకటో రెండో వంతు. గొట్టం అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. సన్నగా మొదలై వెడల్పయ్యే ఆ దారి లోపలి చిన్న పొరకూ బయటి గాలికీ పొత్తు కుదురుస్తుంది మరి. శ్రీరామనవమి నాడు రేడియోలో భద్రాచలం కల్యాణం వస్తుంటే, రేడియో ముందు మైకు పెట్టి ఊరంతటికీ వినిపించేవాళ్లం. మంత్రంలో అక్షరం పోయేది కాదు. ఒక్క గొట్టం, ఒక్క గొంతు!

ఇప్పుడు పందిరికి ఈ చివరొక పెట్టె, ఆ చివరొక పెట్టె. శబ్దం సెకనుకు నడిచేది 340 మీటర్లు. పెట్టెల మధ్య 34 మీటర్లుంటే, ఒకదాని పక్కన కూర్చున్నవాడికి రెండోదాని మాట సెకనులో పదో వంతు ఆలస్యం. ప్రతి మాటా రెండుసార్లు తగులుతుంది.

ఖమ్మంలో సౌండ్ సిస్టం నడిపే మా మనవడు మొన్న కొత్త పెట్టె తెచ్చాడు. "ఇది కోయాక్సియల్ తాతా! ఊఫరు నడుమనే ట్వీటరు. అంతా ఒక్కచోటు నుంచే వస్తుంది" అని మురిసిపోయాడు. ఇంగ్లండులో టానోయ్ వాళ్లు 1947లోనే చూపించిన సంగతి వీడికిప్పుడు కొత్త.

"ఊఫరే ట్వీటరుకు గోడ కదరా, బాసు కొట్టినప్పుడు ఆ గోడ ఊగితే సన్న శబ్దం వణకదా?" అన్నాను.

నసిగాడు. "అందుకే బాసుకి కింద వేరే సబ్ పెడతాం."

చూశావా! ఒక్కటే అని మొదలెట్టి రెండు చేశాడు.

"మరి నీ గొట్టంలో ఘంటసాల జలుబు చేసినట్టు పాడేవాడట కదా?" అని వెంటనే అంటించాడు. నిజమే. 340 హెర్ట్జ్ ధ్వనికే అల పొడవు మీటరు. లావు ధ్వనిని పట్టి చూపిన వైపు పంపాలంటే గొట్టం నోరూ అంతుండాలి. అంత గొట్టం కడితే చింతకొమ్మ విరుగుతుంది. అయినా తబలా లేకపోతే పాట పాట కాకుండా పోయిందా?

రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా మైకులు కట్టేయాలని 2000లో రూలొచ్చింది. మేం తెల్లవారుజామున నాలుగింటికే సుప్రభాతం వేసేవాళ్లం. నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉండే వేళ శబ్దం కిందికి వంగి మూడూళ్లకు పాకేది. ఒక్కడైనా ఏమన్నాడా? అనే ఉంటాడులే. గొట్టం మోతలో మాకు వినపడి ఉండదు.