పాసు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

ఆటవెలది

పాసు కొనెడి వాడు పారీసు నగరాన
మంగళార మనుట మఱచిపోయి
బొమ్మ కొక్క చూపు బోనంబు పెట్టుచు
గిట్టుబాటు వెదకి గెంతుచుండు

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. పారిస్ నుంచి తిరుగు విమానం ఎక్కాక, కాళ్ళ పీకులు తగ్గకముందే, ఛందస్సు మీద కాస్త పట్టున్న వారెవరో చెప్పి ఉంటారని ఊహ. వ్యాఖ్యాత ఊహించవచ్చునా అంటే, కూడదనే పెద్దల మాట. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదకు సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన చేతిలో ఉన్నది కాళిదాసు. మన చేతిలో ఉన్నది మ్యూజియం పాసు. ఆ నియమం ఇక్కడ పాటిస్తే నాలుగు పాదాలకు నాలుగు ముక్కలు రాసి లేవవలసి వస్తుంది.

సందర్భం మాత్రం స్పష్టమే. ప్రయాణానికి వారం ముందు రాత్రి భోజనాలయ్యాక ఇంటాయన ఫోను తెరిచి, "పాసు తీసుకుందామా, విడివిడిగా టికెట్లు కొందామా?" అని సభను అడుగుతాడు. సభ టీవీ చూస్తూ ఉంటుంది. ఆ ప్రశ్నకు సమాధానంగా పుట్టినదీ పద్యం.

ప్రతిపదార్థము

పారీసు నగరాన = పారిస్ పట్టణమందు; పాసు = ఒక్కసారి సొమ్ము చెల్లించినచో 48 గాని, 96 గాని, 144 గాని గంటల లోపల యాభైకి పైబడిన మ్యూజియములను, కట్టడములను, ఒక్కొక్క దానిని ఒక్కొక్కసారి మాత్రమే, చూడనిచ్చు పత్రమును; కొనెడి వాడు = కొనునట్టి పురుషుడు; మంగళారము అనుట = ఆ దినము మంగళవారము అను సంగతిని; మఱచిపోయి = విస్మరించి; బొమ్మకు = చిత్తరువునకు; ఒక్క చూపు బోనంబు = ఒకేయొక చూపు అనెడి నైవేద్యమును; పెట్టుచు = సమర్పించుచు; గిట్టుబాటు = పెట్టిన సొమ్మునకు రాబడిని; వెదకి = అన్వేషించి; గెంతుచుండు = ఒకచోట నిలువక దుముకుచుండును.

తాత్పర్యము

పాసు కొన్నవాడు బొమ్మలు చూడడు, పాసును చూస్తాడు.

విశేషములు

"కొనెడి వాడు": కొన్ని ప్రతుల్లో "కొనెడి వారు" అని ఉంది. అది అపపాఠం. వాడు అన్నా వారు అన్నా గణం ఒకటే, యతికి ఇబ్బంది లేదు. అయినా కవి ఏకవచనమే వేశాడంటే కారణం ఉండాలి. కారణం ఏమిటంటే, ఫ్రాన్సులోని జాతీయ మ్యూజియాల్లో, జాతీయ కట్టడాల్లో 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఏ దేశం వారైనా ప్రవేశం ఉచితం. ఇది తెలియని మన తండ్రులు నలుగురున్న కుటుంబానికి నాలుగు పాసులు లెక్క కడతారు. ఐరోపా సమాఖ్యలో నివాసం ఉన్నవారికైతే 26 ఏళ్ళ లోపు వరకూ చాలాచోట్ల ఉచితమే. కాబట్టి అక్కడ ఎమ్మెస్ చదువుతున్న అబ్బాయికి తల్లిదండ్రులు ప్రేమతో కొనిచ్చే పాసు దండగ. ఒక్క అక్షరంలో ఇంత ఇమిడ్చిన కవి సామాన్యుడు కాడు.

"పారీసు నగరాన": లండన్ నగరాన అనలేదు. అక్కడి జాతీయ మ్యూజియాలకు 2001 డిసెంబరు నుంచి టికెట్టే లేదు. కృష్ణ ఒడ్డున తవ్వి పట్టుకుపోయిన అమరావతి స్తూప శిల్పాలను బ్రిటిష్ మ్యూజియంలో మనం ఉచితంగానే చూసుకోవచ్చు. మనవి మనకు ఉచితంగా చూపిస్తున్నందుకు సంతోషించాలో ఏమిటో పాఠకులే తేల్చుకోవాలి.

"నగరాన" అన్న సప్తమి మీద ఒక ఆక్షేపణ ఉంది. వెర్సాయ్ రాజభవనం నగరంలో లేదు కదా అని. నిజమే, ఊరి బయట ఉంది. భవనం పాసులో ఉంది గానీ అక్కడికి వెళ్ళే రైలు పాసులో లేదు, సంగీతంతో ఫౌంటెన్లు ఆడించే రోజుల్లో తోటకు కట్టాల్సిన టికెట్టూ లేదు. ఇక ఐఫిల్ టవర్ నగరం నడిమధ్యనే ఉంది, పాసులో లేదు. పారిస్ పాసు కొన్నానంటే ఐఫిల్ ఎక్కేసినట్టే అనుకునే వారు ఈ వాక్యం రెండోసారి చదువుకోవాలి.

"మంగళార మనుట మఱచిపోయి": పద్యానికి ప్రాణం ఇక్కడుంది.

లూవ్ర్‌కు మంగళవారం సెలవు. మోనే కలువపూల చిత్రాలున్న ఒరాంజరీకీ మంగళవారమే సెలవు. ఓర్సే మ్యూజియానికి, వెర్సాయ్‌కి సోమవారం. అంటే 48 గంటల పాసును ఆదివారం సాయంత్రమో సోమవారం పొద్దున్నో మొదలుపెట్టినవాడికి ఒక రోజు ఈ తలుపు, మరునాడు ఆ తలుపు మూసి కనబడతాయి. పాసు గడియారం మాత్రం సెలవు తీసుకోదు. మొదటి గేటు దగ్గర పాసు స్కాన్ చేసిన క్షణం నుంచి నిద్రలోనూ నడుస్తూనే ఉంటుంది.

మంగళవారం మొదలుపెట్టిన పని ముందుకు సాగదని మన అమ్మమ్మలు చెప్పారు. మన పంచాంగమూ లూవ్ర్ గేటూ ఒక్క మాట మీద నిలబడిన సందర్భం ఇంకొకటి ఉన్నట్టు లేదు.

మరి ముహూర్తం ఎప్పుడు? వ్యాఖ్యాత చాలా తిథులు, వారాలు పరిశీలించి గురువారం శ్రేష్ఠమని తేల్చాడు. ఓర్సే గురువారం రాత్రి తొమ్మిదిముప్పావు వరకు తెరిచి ఉంటుంది. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా. గురువారం పొద్దున్నే ఆవురావురుమంటూ మొదలుపెట్టకుండా మధ్యాహ్నం మూడింటికి మొదటి గేటు దాటితే, ఆ రాత్రి ఓర్సే, శుక్రవారం రాత్రి లూవ్ర్, శనివారం మూడింటి వరకు ఇంకేదైనా. పేరుకు రెండు రోజుల పాసు, చూసేది మూడు రోజులు. పైగా గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. అది వెళ్ళిపోయాకే మొదలుపెడుతున్నాం గనుక ఇంట్లో పెద్దవాళ్ళకూ అభ్యంతరం ఉండదు.

లూవ్ర్‌కు, సెంత్ షపెల్ ప్రార్థనామందిరానికి, వెర్సాయ్‌కి పాసు ఉన్నా సరే ఏ గంటకు వస్తారో ముందే వేళ ఖాయం చేసుకోవాలి. "పాసు ఉంటే క్యూ ఉండదట" అని చెప్పే బంధువు ఆ నియమం రాకముందు వెళ్ళొచ్చినవాడై ఉంటాడు. సంచులు తనిఖీ చేసే వరుస ఎలాగూ అందరికీ ఉంది.

"బొమ్మ కొక్క చూపు బోనంబు": చూపు అనెడి బోనము, రూపకాలంకారం. కానీ అంతటితో ఆగితే రసికులం కాము. ఇక్కడ ధ్వని ఉంది.

లూవ్ర్‌లో మోనాలిసా ఉన్న గదిలోకి పదండి. ఆవిడ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు, ముందు అద్దం, అద్దం ముందు కట్టడి, కట్టడి ముందు జనం, జనం నెత్తి మీద ఫోన్లు. వెనకున్నవాడికి అసలు బొమ్మ కనబడదు, ముందున్నవాడి ఫోన్లో బొమ్మ కనబడుతుంది. అందరి వీపుల వెనక, ఎదురు గోడ నిండా, 1563లో వెరోనీసే వేసిన కానా పెళ్ళివిందు ఉంది. ఇంచుమించు ఏడు మీటర్ల ఎత్తు, పది మీటర్ల వెడల్పు. లూవ్ర్ చిత్రాలన్నిటిలోకీ పెద్దది. వెనిస్‌లో ఒక మఠం భోజనశాల కోసం వేసినదాన్ని 1797లో నెపోలియన్ సేనలు పట్టుకొచ్చాయి. నూరు మందికి పైగా కూర్చుని, నిలబడి, వడ్డిస్తూ, వాయిస్తూ ఉన్న విందు అది. దాని ఎదురుగా నిలబడి, దానికి వీపు చూపించి, పాసుదారుడు ఆ చిన్న బొమ్మకు ఒక్క చూపు నైవేద్యం పెట్టి పోతున్నాడు. ఎదురుగోడ మీది విందు మొత్తాన్నీ కవి ఒక్క "బోనంబు" మాటలో సూచించాడు. కాదనేవారు ఆ గదిలో ఒకసారి వెనక్కి తిరగండి.

మోనాలిసాకు విడిగా ఒక గది కట్టి విడిగా టికెట్టు పెడతామని 2025 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించాడు. అప్పుడు ఈ పాదానికి కొత్త వ్యాఖ్య రాయాలి. అదే సంవత్సరం అక్టోబరు 19న అదే లూవ్ర్‌లో కొందరు అపోలో గ్యాలరీలోకి కిటికీ గుండా వచ్చి, ఎనిమిది నిమిషాల లోపే పని ముగించుకుని రాజాభరణాలతో వెళ్ళిపోయారు. తక్కువ సేపట్లో గిట్టుబాటు చేసుకున్నవాళ్ళు ఆ భవనంలో బహుశా వాళ్ళొక్కరే. వాళ్ళ దగ్గర పాసు లేదు.

"గిట్టుబాటు వెదకి": ఇక్కడ గణితం చెప్పక తప్పదు. 2024 నాటి ధరలు ప్రమాణంగా తీసుకుందాం. 48 గంటల పాసు 62 యూరోలు, అప్పటి మన రూపాయల్లో అయిదున్నర వేల పైమాట. లూవ్ర్ 22, ఓర్సే 16, సెంత్ షపెల్ 13, ఆర్క్ ద త్రియోంఫ్ 16. మొత్తం 67. నాలుగూ చూస్తే పాసు అయిదు యూరోలు మిగిల్చింది. ఆర్క్ పైకి 284 మెట్లని విని మోకాళ్ళు వద్దన్నాయనుకోండి, మూడింటి టికెట్లు 51, పాసు పదకొండు యూరోలు మింగింది. అంటే మొత్తం శాస్త్రం మోకాళ్ళ మీద ఆధారపడి ఉంది. 2026 జనవరి నుంచి లూవ్ర్ టికెట్టు ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటినుంచి వచ్చేవారికి 32 యూరోలయింది. పాసు ధరా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అంకెలు ఏటా మారతాయి, కూడికే నిలిచేది.

ఇక్కడ పూర్వపక్షం: "పాసు కొంటే గనక బద్ధకం పోతుంది. లేకపోతే మధ్యాహ్నం హోటల్లో పడుకుంటాం. కొన్నామన్న భయానికైనా నాలుగు చూస్తాం." ఈ వాదంలో నిజాయితీ ఉంది గనుక కొట్టిపారేయలేం. కానీ దాని ఫలం ఎలా ఉంటుందో వ్యాఖ్యాత చెవిన పడిన సంభాషణ ఒకటి చెబుతుంది. సెంత్ షపెల్ పై అంతస్తు. చుట్టూ నిలువెత్తు రంగుటద్దాల కిటికీలు పదిహేను. గోడవారగా ఒక తెలుగావిడ కూర్చుంది. షూ లేసు విప్పుకుంది. ఆయన లేవమంటున్నాడు.

"ఉండండీ, ఎండ ఇప్పుడే పడుతోంది అద్దాల మీద."

"పాసు సాయంత్రంతో సరి. పాంథియాన్ ఒకటి మిగిలిపోయింది. దాని టికెట్టే 13 యూరోలు."

"అందులో ఏముంది?"

"ఏమో. పాసులో ఉంది."

ఉన్న సంగతి చెప్పాలంటే పాంథియాన్‌లో వోల్టేర్, విక్టర్ హ్యూగో, మేరీ క్యూరీ సమాధులున్నాయి, భూమి తిరుగుతోందని నిరూపించిన ఫూకో లోలకం వేలాడుతోంది. ఆయన వాటి కోసం వెళ్ళడం లేదు. 13 యూరోల కోసం వెళుతున్నాడు. పాసు కొనకపోయి ఉంటే ఆవిడకు ఆ ఎండ పూర్తిగా దక్కేది.

అందుచేత సిద్ధాంతం ఇది. పాసు జాబితా చూడకముందే, ఇంట్లో కూర్చుని, మనకు చూడాలని ఉన్నవి కాగితం మీద రాసుకోవాలి. అది నాలుగు పేర్లు దాటి, వాటి టికెట్ల మొత్తం పాసు ధరను దాటితే కొనవచ్చు. పాసు జాబితా చూశాక కాగితం మీదికొచ్చే పేర్లను కూడికలో కలపరాదు. నోత్రదాం చర్చిని కూడా కలపరాదు. 2024 డిసెంబరులో తిరిగి తెరిచిన ఆ చర్చిలోకి ప్రవేశానికి రుసుము లేదు.

అయితే నవీన వ్యాఖ్యాత ఒకడు (వాడు నేనే) దీనికి ఒక అపవాదం చెబుతాడు. పాసుకు ఎవరూ వాడుకోని గుణం ఒకటుంది. టికెట్టు కొన్న చోట, డబ్బులిచ్చాం కదా అని రెండు గంటలు ఈడ్చుకుంటూ తిరుగుతాం. పాసు ఉన్న చోట పావుగంటలో బయటికి వచ్చేయవచ్చు. ఆసియా కళల మ్యూజియం గిమే పాసులో ఉంది. దాని కోసమే పారిస్ వెళ్ళే తెలుగువాళ్ళు ఎందరుంటారు? కానీ అమరావతి శిల్పాలు అక్కడా ఉన్నాయి, మన పలనాటి సున్నపురాయి మీద చెక్కినవి. లోపలికి వెళ్ళి, భారతీయ శిల్పాల గది ఎక్కడని అడిగి, ఆ రాళ్ళ ముందు నిలబడగలిగినంతసేపు నిలబడి, మిగతా అంతస్తులేవీ ఎక్కకుండా బయటికి వచ్చేయడం, ఇది పాసుదారుడికే చెల్లిన భోగం. మళ్ళీ లోపలికి వెళతామంటే మాత్రం కుదరదు, ఒక చోటికి ఒక్కసారే. గిమేకూ మంగళవారం సెలవే. పద్యం రెండో పాదం చూడుడు.

"గెంతుచుండు": ఇది తద్ధర్మార్థకం. ఒక్కసారి గెంతి ఊరుకున్నాడని కాదు, గెంతడం వాడి స్వభావమని అర్థం. పారిస్ తరువాత వాడు రోముకు పోతాడు, అక్కడ రోమా పాసు కొంటాడు. దానికి ఈ వ్యాఖ్య పనికిరాదు. 72 గంటల రోమా పాసులో మొదటి రెండు చోట్లకే టికెట్టు ఉండదు, ఆ పైన తగ్గింపు మాత్రమే. బస్సులు, మెట్రో కలిసి వస్తాయి. వాటికన్ మ్యూజియాలు అందులో లేవు. రోమా పాసు పద్యం తాళపత్రాల్లో ఇంకా దొరకలేదు. దొరికితే దానికీ టీక రాయబడును.