ముప్పయ్యో కుర్చీ మహిమ

ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాల పక్కన పర్మిట్ రూములు తిరిగొచ్చాయి. మందుకు నీడ దొరికింది, పొగకు గది దొరికింది. హోటళ్లలో, బార్లలో పొగ తాగకూడదన్న విషయంలో మాత్రం అనంతపురంలో రెండో అభిప్రాయం లేదు. చేతిలో బీడీ ఉన్నవాడు ఆ మాట ఇంకాస్త గట్టిగా అంటాడు.

2001లో సుప్రీంకోర్టు ఆస్పత్రుల్లో, బడుల్లో, కోర్టుల్లో, బస్సుల్లో పొగ వద్దంది. ఆ జాబితాలో హోటల్ లేదు. 2003 పొగాకు నియంత్రణ చట్టం, 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆ లోటు తీర్చాయి. తీర్చినట్టే తీర్చి, కుర్చీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

ముప్పై మంది, అంతకు మించి కూర్చునే రెస్టారెంటు పొగరాయుళ్లకు వేరే గది కట్టుకోవచ్చు. ఇరవై తొమ్మిది మందికే చోటుంటే కుదరదు. అంటే ఇరవై తొమ్మిదో కుర్చీ దాకా పొగ విషం. ముప్పయ్యోది వేయగానే అదొక సౌకర్యం.

ఉగ్గాని-బజ్జి హోటల్లో అసలు కుర్చీలే ఉండవు, బెంచీలుంటాయి. మామూలు రోజు బెంచీకి నలుగురు, సంత రోజు ఆరుగురు. మరి సంత రోజున ఆ హోటల్‌కు హోదా పెరిగినట్టా? గోడకానుకుని టీ తాగేవాడు సగం కుర్చీ కింద జమా?

హోదా వచ్చిందే అనుకుందాం. ఆ గదికి నాలుగు వైపులా పైదాకా గోడలుండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి. పొగ బయటికి పోవాలి గానీ పక్క గదిలోకి పోకూడదు. 2017లో ఇంకో షరతు కలిసింది: ఆ గదిలో ఏమీ వడ్డించకూడదు. టీ లేని గదిలో సిగరెట్టు తాగే మొనగాడు రాయలసీమలో ఇంకా పుట్టలేదు. అందుకే గది ఎవరూ కట్టరు. హోటలంతా ఆ గదే అయిపోతుంది.

ఇక ‘పొగ తాగరాదు’ బోర్డు. కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు కూడా అక్కడ కనబడాలి. ఆ పేరుగల పెద్దమనిషే గల్లాపెట్టె దగ్గర కూర్చుని విడి సిగరెట్లు అమ్ముతుంటాడు, పక్కన దారానికి లైటరు వేలాడుతుంటుంది. యాష్ ట్రే పెట్టడం నేరం కనుక బూడిద టీ గ్లాసులో రాలుతుంది.

ఆ గ్లాసు కడిగేవాడి అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. వానల్లేక వేరుశనగ పోతే పల్లె వదిలి వచ్చిన సప్లయరు కుర్రాడు, పొయ్యి దగ్గర నిలబడే మాస్టరు ఆ పొగను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పీలుస్తారు. తాగినవాడు పది నిమిషాల్లో లేచిపోతాడు. ఎదుటివాడి పొగతోనే గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సరు వస్తాయన్నది దశాబ్దాల కిందటే తేలిన విషయం. భవనాల లోపల పనిచేసేవాళ్లలో 30.2 శాతం మంది పనిచోటే ఇతరుల పొగ పీలుస్తున్నారని 2016-17 జాతీయ సర్వే చెప్పింది. ఇంత తెలిసీ ‘ఆపితే గిరాకీ పోతుంది’ అనడం సిగ్గులేనితనం. కూలి ఇస్తున్నాం కదా అని కుర్రాడి ఊపిరితిత్తులు కూడా కొనేశామనుకోవడమే అది. పబ్బు లేనిదే పొద్దుపోదని పేరుబడ్డ ఐర్లండ్ 2004లోనే పబ్బుల్లో పొగ ఆపింది. ఆపింది కూడా అక్కడ పనిచేసేవాళ్ల పేరు చెప్పే.

తెలంగాణ 2024లో హుక్కా పార్లర్లు మూసింది. కుర్రకారు షోకు కనుక సులువు. బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి దించాలని జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరులో తీర్మానించింది. బీడీ చుట్టేవాళ్ల పొట్ట గుర్తొచ్చినప్పుడు సప్లయరు ఊపిరి గుర్తుకు రాలేదు.

పొగ తాగినవాడికి జరిమానా మాత్రం ఇక్కడ 2003 నుంచి కదల్లేదు: 200 రూపాయల దాకా. కళ్యాణదుర్గం నుంచి హద్దు దాటి కర్ణాటకలోని పావగడకు వెళితే 2025 నుంచి అదే నేరానికి 1,000 దాకా పడుతుంది, విడి సిగరెట్టు అమ్మకమూ నేరమే. ఇటు వైపున్న నిబంధనల్లోనూ ఒక పదునైన వాక్యం ఉంది: ఫిర్యాదు అందాక కూడా హోటల్ యజమాని కదలకపోతే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాలూ ఆయనే కట్టాలి. దాన్ని వాడాలంటే ముందు ఎవరో ఒకరు ఆ గల్లాపెట్టె దాకా వెళ్లి ఫిర్యాదు చేయాలి.