గోల్కొండ గోడలో మట్టి గొట్టాన్ని

నేను గోల్కొండ కోట గోడలో సున్నంతో పూడ్చిన మట్టి గొట్టాన్ని. కుతుబ్‌షాహీల కాలంలో దుర్గం చెరువు నీళ్లు వాలు వెంట పారి కోటకు చేరేవి. వాటిని చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, కొండ మీద వేర్వేరు ఎత్తుల్లో కట్టిన తొట్లలో నింపేవారు. అక్కడి నుంచి మహళ్లకూ, స్నానశాలలకూ, మిద్దె తోటలకూ, ఫౌంటెన్లకూ ఆ నీటిని పంచింది నేనూ, నాలాంటి గొట్టాలూ. అందుకే కోట చూడవచ్చేవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: రాజు ఎక్కడ కూర్చున్నాడని అడిగే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడగండి.

కోట లోపలి బాలాహిస్సార్ కొండ దాదాపు 120 మీటర్ల నల్లరాతి గుట్ట. దాని నెత్తిన మూడంతస్తుల దర్బారు ఉంది. పైకి వచ్చినవాళ్లు గాలికి సేదతీరి, నగరం వైపు తిరిగి ఫొటోలు దిగుతారు. అంత ఎత్తున కొలువు నడవాలంటే పొద్దున లేచింది మొదలు ఎన్ని నీళ్లు కావాలో ఇల్లు నడిపే ఎవరికైనా తెలుసు. ముట్టడి రోజుల్లో ఆ అవసరం ప్రాణావసరం. 1687లో ఔరంగజేబు సేన దాదాపు ఎనిమిది నెలలు ఈ కోటను చుట్టుముట్టింది. ఆకలీ రోగాలూ బయటి శిబిరాన్ని పీడించాయి. చివరికి లోపలివాడే ద్వారం తెరవడంతో సుల్తాన్ అబుల్ హసన్ తానీషా పట్టుబడ్డాడు. కోట అన్నాళ్లు నిలవడం నా గొప్పే అనను. బురుజులున్నాయి, ఫిరంగులున్నాయి, ధాన్యపు నిల్వలున్నాయి. కానీ ఎంత మందపు గోడైనా లోపలివాళ్ల దాహం తీర్చదు. కోట బలాన్ని ప్రాకారాల పొడవుతోనే కొలిచే లెక్కలో సగం తప్పిపోతోంది.

సెలవు రోజున సరదాగా వచ్చినవాళ్లకు ఈ పాఠం ఎందుకని అడగవచ్చు. సరదాకు నేను అడ్డు కాదు. ద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపించడం పిల్లలకు ఎంత ఇష్టమో! అదీ కట్టినవాళ్ల నేర్పే. పై కావలివాళ్లకు కబురు అందించే ఆ గుమ్మటపు ఏర్పాటూ, నీటిని పైకెక్కించిన ఏర్పాటూ ఒకే బుద్ధి నుంచి పుట్టాయి. ఒకదానికి నిలబడేవారు రెండోదానికీ నాలుగు నిమిషాలు నిలబడగలరు. పగిలిపోయిన గొట్టంలో చూడటానికి ఏముందనే మాటా ఉంది. పగిలిన చోటే నా లోపలి బోలు కనిపిస్తుంది, చుట్టూ సున్నం ఎంత దట్టంగా దట్టించారో కనిపిస్తుంది. నునుపుగా ఉన్న గోడ ఆ సంగతి చెప్పలేదు.

రాజుల చరిత్ర తగ్గిపోతుందన్న బెంగ అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. తగ్గదు. సుల్తానుల పేర్లు శాసనాల్లో, సమాధుల మీద భద్రంగానే ఉన్నాయి. నన్ను కాల్చిన కుమ్మరి పేరు, చక్రం దగ్గర చెమటోడ్చినవారి పేరు ఎక్కడా లేవు. వాళ్ల పనికి మిగిలిన సాక్ష్యం ఈ గోడల్లోనే ఉంది. దాని మీద పేర్లు చెక్కేవారు చెరిపేస్తున్నది రాజుగారి ఆస్తిని కాదు, ఆ పనివాళ్ల ఒకే ఒక దస్తావేజును. చప్పట్లు కొట్టించే గైడు అక్కడి నుంచి నేరుగా మెట్లెక్కించకుండా, ముందు తొట్లనూ గొట్టాలనూ చూపించి, ఆ తర్వాతే దర్బారుకు తీసుకెళ్లాలని నా కోరిక.