కొండాపురీయము (టీకా తాత్పర్య సహితం)

తే.గీ.
తాళ మున్నది చెప్పుల తట్టలోన
గీజ రైదు నిమిషముల కెక్కువొద్దు
రాత్రి పదిదాటి శబ్దము రానరాదు
అడుగ వాచ్‌మను మాచుట్ట మనుము నవ్వి

అవతారిక: రాజమండ్రి దంపతులు అమెరికా వీసా కోసం హైదరాబాదు వచ్చారు. 2023లో కాన్సులేటు బేగంపేట పైగా ప్యాలెస్ విడిచి నానక్‌రామ్‌గూడకు మారింది. వేలిముద్రలు ఒకరోజు హైటెక్‌సిటీ మెట్రో స్టేషన్‌లో, ఇంటర్వ్యూ మరునాడు నానక్‌రామ్‌గూడలో. అందుకని కొండాపూర్‌లో రెండు రాత్రులకు ఒక ఫ్లాటు తీసుకున్నారు. డాలస్‌లో ఉండే ఓనరు వాట్సాప్‌లో చేసిన ఉపదేశమే ఈ పద్యం.

ప్రతిపదార్థం: తాళము = తాళంచెవి; చెప్పుల తట్టలోన = షూ ర్యాకులో (ర్యాకు యతికి ఒదగక తట్ట అయింది), అనగా కింది అరలో, తెగిన హవాయి చెప్పు అడుగున; గీజరు + ఐదు నిమిషములకు + ఎక్కువ + ఒద్దు = కరెంటు బిల్లు నాది; శబ్దము = కుక్కరు కూత, టీవీ, పిల్లలు; రానరాదు = పై ఫ్లాటువారికి వర్తించదు; అనుము = అబద్ధమాడుము.

తాత్పర్యం: డబ్బు ముందే ముట్టింది, ఇక మీ తిప్పలు మీవి.

విశేషాలు: రెండో పాదంలో గీ-కె యతి చక్కగా కుదిరింది. నీళ్లకే కుదరలేదు. గోడనున్నది పదిహేను లీటర్ల గీజరు, రెండువేల వాట్లు. ఆ లెక్కన నీరు ఒక్కో డిగ్రీ వేడెక్కడానికి సుమారు అర నిమిషం పడుతుంది. ఐదు నిమిషాలకు పది డిగ్రీలు. డిసెంబరు ఉదయం ట్యాంకు నీళ్లకు అది చాలదు. గోరువెచ్చనలో గోరు మాత్రమే మిగులుతుంది.

మూడో పాదం సుగమం.

వ్యాఖ్యాతలు కొట్టుకున్నదంతా నాలుగో పాదం మీద. గేటు యాప్‌లో ఓనరు అప్రూవ్ నొక్కితే చాలదా, వాచ్‌మన్ ఎందుకు అడగాలి? ఇక్కడ మధ్యాహ్నం రెండైతే డాలస్‌లో వేసవిలో తెల్లవారుజాము మూడున్నర, చలికాలంలో రెండున్నర. నొక్కేవాడు నిద్రలో ఉంటాడు. అప్పుడు వాచ్‌మనే ప్రమాణం. ఆయన ప్రశ్న ఒక్కటే: "ఓనర్ సార్‌కి ఏమైతరు?"

చుట్టమన్నారు సరే, ఏ వైపు చుట్టం? ఆధార్ కార్డులో ఇంటిపేరు వేరు కనక పాలివాడినంటే చెల్లదు. బావమరిదినంటే భార్య పక్కనే ఉంది, పెళ్లికి తను ఎందుకు వెళ్లలేదని అక్కడే అడిగినా అడుగుతుంది. ఓనరు భార్య తరపువారమని చెప్పడం క్షేమమని ఒక వ్యాఖ్యాత తీర్మానం. ఆవిడ పుట్టింటివారి పేరు వాచ్‌మన్‌కు తెలిసే అవకాశం తక్కువ. ఈ వ్యాఖ్యాత ఇలాంటి ఫ్లాట్లలో చాలాసార్లు దిగి ఉండాలి.

ఒకప్పుడు జిల్లాల నుంచి పట్నం వచ్చినవాడు చుట్టాలింట్లోనే దిగేవాడు. ఈ దంపతులకూ కూకట్‌పల్లిలో సాక్షాత్తూ పెద్దమ్మ కొడుకు ఉన్నాడు. వాళ్ల పిల్లలకు పరీక్షలు, వీళ్లకు మొహమాటం. పైగా వీసా రాకపోతే ఎందుకు రాలేదో రాత్రి భోజనాల దగ్గర మొదటినుంచీ చెప్పాలి. అందుకని డబ్బు పెట్టి ఉన్న చుట్టరికాన్ని తప్పించుకున్నారు. తీరా గేటు దగ్గర ముఖమైనా చూడని మనిషికి చుట్టాలయ్యారు. రోజు అద్దెలకు ఇవ్వకూడదని అసోసియేషన్ వారు లిఫ్టులో నోటీసు అంటించారు. చుట్టాలు రాకూడదని ఏ అసోసియేషనూ అనలేదు. ఓనరు పాండిత్యమంతా ఆ సందులో ఉంది.

ఇక 'నవ్వి'. ఇది క్త్వార్థకం కాబట్టి అనేవాడే నవ్వాలని ప్రాచీనులు. విన్నవాడు నవ్వుతాడని నవీనులు. వ్యాకరణం ఒప్పుకోకపోయినా మా మొగ్గు నవీనుల వైపే, ఎందుకంటే గేటు దగ్గర జరిగింది అదే. వాచ్‌మన్ నవ్వి రిజిస్టరు తిప్పి ఇచ్చాడు. ఆ ఫ్లాటు నంబరు ఎదుట, ఎందుకొచ్చారనే గడిలో, పేజీ పైన ఎవరో 'చుట్టాలు' అని రాశారు. దాని కింద అట్టడుగు దాకా అన్నీ డిట్టోలే.