క్యూనే కచేరీ

ఆదివారం మధ్యాహ్నం పన్నెండంటే తెలుగిళ్లలో కుక్కర్ ఎన్నో విజిల్ వేసిందో లెక్కపెట్టుకునే వేళ. 2024 సెప్టెంబర్ 22న మాత్రం చాలా ఇళ్లలో ఆ లెక్క తప్పింది. కొడుకు తన ఫోన్, చెల్లెలి ల్యాప్‌టాప్, తాతగారి ట్యాబ్, చాలక వంటింట్లోంచి అమ్మ ఫోన్ కూడా లాక్కొచ్చి అన్నిట్లోనూ ఒకే పేజీ తెరిచి కూర్చున్నాడు. కోల్డ్‌ప్లే వస్తోంది మరి! లండన్‌లో పుట్టి పాతికేళ్లు దాటిన బ్యాండ్, 2025 జనవరి 18, 19 తేదీల్లో నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో పాడబోతోంది. టికెట్ 2,500 నుంచి 35,000 రూపాయల దాకా. పన్నెండు కొట్టగానే అమ్మకం మొదలు.

పన్నెండు కొట్టకముందే వెబ్‌సైట్ పడిపోయింది, దాని వెనకే యాప్ పడింది. మళ్లీ లేచాక మొదలైంది అమ్మకం కాదు, క్యూ. మీకంటే ముందు ఇన్ని లక్షల మంది ఉన్నారు, కాస్త ఓపిక పట్టండి, పేజీని కదపకండి అని తెర మీద వినయంగా ఒక ముక్క. కుర్రాడు ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టి, ఆ తర్వాత ఏడ్చాడు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లం కాబట్టి మనకు ఈ అంకెలు కొత్త కాదు. ‘నాకు ఆరు లక్షలొచ్చింది, నీకెంతరా?’ అని ఫోన్లు మొదలయ్యాయి. ర్యాంకు లక్షల్లో వచ్చినా సీటు దొరక్కపోదు, మేనేజ్‌మెంట్ కోటా ఉంటుంది అనే ధైర్యం కూడా మన రక్తంలోనే ఉంది. సాయంత్రానికల్లా ఆ కోటా తెరుచుకుంది. మధ్యాహ్నం వేలల్లో ఉన్న టికెట్ విదేశీ రీసేల్ సైట్లలో లక్షల్లో ప్రత్యక్షమైంది.

మధ్యలో అభిమానుల గోడు విని కరిగిపోయి, అదే రోజు మూడో కచేరీ ప్రకటించారు, జనవరి 21కి. అంటే మూడో క్యూ.

ఆ రోజు 1.3 కోట్ల మంది ప్రయత్నించారని టికెట్లు అమ్మిన సంస్థే తర్వాత చెప్పుకుంది. డీవై పాటిల్‌లో క్రికెట్ మ్యాచ్‌కి పట్టేది సుమారు 55 వేల మంది. మూడు రోజులు వేసుకున్నా కోటి మందికి పైగా ఉత్త చేతులతో వెనక్కి పోక తప్పదు. మామూలు దుకాణదారుడైతే ఇంతమందిని తిప్పి పంపినందుకు తల దించుకుంటాడు. ఈ వ్యాపారంలో దాన్నే పత్రికా ప్రకటనగా విడుదల చేస్తారు. ఎందుకంటే ఇక్కడ అసలు సరుకు పాట కాదు, రద్దీ. కోటి మంది ఎగబడ్డారన్న వార్త చూసి, అప్పటిదాకా ఆ బ్యాండ్ పేరు విననివాడు కూడా నాలుగో కచేరీ కోసం అలారం పెట్టుకుంటాడు. క్యూలో నిలబడినవాడు కొనుగోలుదారు కాడు, పైసా తీసుకోకుండా పనిచేసే ప్రకటన బోర్డు.

తర్వాతి కథలో పాటలు లేవు కానీ ఫైట్లు దండిగా ఉన్నాయి. రీసేల్ సైట్లతో మాకేం సంబంధం లేదని అమ్మిన సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. ముంబై పోలీసుల ఆర్థిక నేరాల విభాగం ఆ సంస్థ పెద్దనే పిలిపించింది. అక్టోబర్‌లో ఈడీ రంగంలోకి దిగి ఢిల్లీ, ముంబై, జైపూర్, బెంగళూరు, చండీగఢ్‌లలో సోదాలు చేసింది. సోదాలకు వెళ్లినవాళ్లలో ఎంతమంది ‘ఒక్కటైనా దొరికితే బాగుండు’ అని మనసులో అనుకున్నారో చెప్పలేం. ఆన్‌లైన్‌లో ఈ బ్లాక్ దందాని ఆపమంటూ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని బాంబే హైకోర్టు జనవరిలో కొట్టేసింది. చట్టాలు చేయడం చట్టసభల పని అంది. న్యాయమే. చట్టసభల పెద్దలు ఆ సమయానికి ఎక్కడున్నారంటారా? పాసుల కోసం వాకబు చేస్తూ ఉన్నారని గిట్టనివాళ్లు అనుకోవచ్చు.

బ్లాక్ టికెట్ గురించి తెలుగువాడికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బ్లాక్ అమ్మేవాడు కనీసం ఎదురుగా నిలబడేవాడు. బేరమాడొచ్చు, తిట్టొచ్చు, ఎదురు తిట్లు తినొచ్చు. పేర్లు పడిపోయి హీరో ఎంట్రీ కూడా అయిపోయిందంటే సగం ధరకే చేతిలో పెట్టి పోయేవాడు. ఈ కొత్త బ్లాకువాడికి ముఖం లేదు, ఊరు లేదు, పైగా ‘సర్వీస్ చార్జీ’ ఉంది. ప్రభుత్వాలు పెట్టిన ధరలూ చూశాం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవో ప్రకారం పల్లెటూరి నాన్ ఏసీ థియేటర్‌లో కింది తరగతి టికెట్ అయిదు రూపాయలు. 2024 డిసెంబర్‌లో ‘పుష్ప 2’ ముందురోజు ఆటకు ఉన్న ధర మీద మరో 800 వేసుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రెంటినీ తిట్టుకున్నాం, కానీ ఎవరిని తిట్టాలో తెలిసి తిట్టుకున్నాం. కింద సంతకం ఉంటుంది కదా!

కోల్డ్‌ప్లే ఒక్కదాన్నే అనడం అన్యాయం. అదే ఏడాది ఆగస్టు 31న ఒయాసిస్ బ్యాండ్ మళ్లీ కలిసిందని బ్రిటన్ అభిమానులు క్యూలు కట్టారు. గంటలకొద్దీ కాచి లోపలికి వెళ్లేసరికి దాదాపు 150 పౌండ్లున్న నిలబడే టికెట్ 355 పౌండ్లకు ఎక్కి కూర్చుంది. డిమాండ్‌ని బట్టి ధర పెరుగుతుందట. గొడవయ్యాక, అలా అమ్ముతారని మాకు ముందు తెలియనే తెలియదని బ్యాండ్ సెలవిచ్చింది. ఆ బ్యాండ్‌లో ఉన్నది తగవుపడి 2009లో విడిపోయిన అన్నదమ్ములు కదా, ఒకరికి తెలిసినా రెండోవాళ్లకి చెప్పి ఉండరు. ఉత్తర అమెరికాలో మాత్రం ఆ పద్ధతి వద్దనుకున్నారు. సొంతూరివాళ్ల మీద చేసిన ప్రయోగం ఆ విధంగా లోకకల్యాణానికి పనికొచ్చింది.

మళ్లీ మన కథకు వద్దాం. నవీ ముంబైలో దొరకనివాళ్ల కోసం జనవరి 25, 26 తేదీల్లో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో రెండు కచేరీలు పెట్టారు. లక్షకు పైగా జనం పట్టే చోటు. టికెట్ దొరికినవాడి ఆనందం హోటల్ గది అద్దె చూసేదాకా నిలిచింది. విమానం ధర చూశాక మిగిలింది భక్తి మాత్రమే. పశ్చిమ రైల్వే ముంబై నుంచి ప్రత్యేక రైళ్లు వేసింది. సంక్రాంతికి ఊరెళ్లడానికి బెర్తు కోసం కొట్టుకుచచ్చే మనం ఆ వార్త చదివి కాసేపు అలాగే ఉండిపోయాం.

ఈ టూర్‌లో నాకు బాగా నచ్చిన ఘట్టం పర్యావరణం. పుడమికి హాని చేయని పద్ధతి దొరికేదాకా టూర్లు వద్దని 2019లో గాయకుడు క్రిస్ మార్టిన్ అన్నాడు. 2022లో పద్ధతి దొరికింది. ప్రేక్షకులు గంతులేస్తే కరెంటు పుట్టే నేల, తొక్కితే కరెంటు పుట్టే సైకిళ్లు. అంటే టికెట్ కొని, విమానమెక్కి, జీతం హోటల్‌కి సమర్పించి వెళ్లినవాడు అక్కడ సైకిల్ తొక్కి వేదికకు కరెంటు కూడా సరఫరా చేయొచ్చు. మణికట్టుకి మిణుకుమిణుకుమనే పట్టీ ఇస్తారు. వెళ్లేటప్పుడు బుద్ధిగా తిరిగి ఇచ్చేయాలి. ఏ ఊరివాళ్లు ఎంత శాతం ఇచ్చారో తెర మీద వేసి మరీ చూపిస్తారు, పదో తరగతి ఫలితాల్లో జిల్లాల వారీ ఉత్తీర్ణత లాగా. కిందటి టూర్‌తో పోలిస్తే కర్బన ఉద్గారాలు 59 శాతం తగ్గాయని 2024లో ప్రకటించారు. మంచి పనే, ఎకసెక్కానికి అనడం లేదు. కాకపోతే అది ప్రదర్శన, సామాను, బ్యాండ్, సిబ్బంది ప్రయాణాల లెక్క. హైదరాబాద్ నుంచి ఎగిరిన అభిమాని పొగ అతని సొంత పద్దు.

ఇంతా చేసి లోపల కనిపించేదేమిటి? 22 గజాల పిచ్ చుట్టూ కట్టిన స్టేడియాలివి. పై అంతస్తులో కూర్చుంటే గాయకుడు అగ్గిపుల్లంత. కాబట్టి అందరూ పెద్ద తెరకేసి చూస్తారు. కొందరు ఆ తెరను ఫోన్‌లో తీస్తూ, ఆ ఫోన్‌లో చూస్తారు. 26వ తేదీ కచేరీని హాట్‌స్టార్‌లో లైవ్ ఇచ్చారు. ఇంట్లో లుంగీ కట్టుకుని పల్లీలు తింటూ చూసినవాడికి క్రిస్ మార్టిన్ నుదుటి చెమట కూడా కనిపించింది. ఆ రోజు కచేరీకి బుమ్రా వచ్చాడు. క్యూలో ఆయన నంబర్ ఎంతని ఎవరూ అడగలేదు.

రెండు రోజులకే భువనేశ్వర్‌లో ప్రధాని ముంబై, అహ్మదాబాద్ కచేరీలను ప్రస్తావించి, దేశంలో ఇలాంటివాటికి ఎంత అవకాశం ఉందో చూడండన్నారు. ‘కన్సర్ట్ ఎకానమీ’ అన్న మాట అప్పటినుంచి అందరి నోటా నానుతోంది. హోటళ్లు, విమానాలు, రీసేల్ సైట్లు అన్నీ ఆ ఎకానమీలో లాభపడ్డాయి. పెట్టుబడి పెట్టిన అభిమానికి వాటా రాలేదంతే.

హైదరాబాద్ కడుపుమంట వేరే ఉంది. స్టేడియాలున్నాయి, డబ్బులున్నాయి, పెద్ద బ్యాండ్లకు మాత్రం మనం మ్యాప్‌లో కనిపించం. గాయకుడు ఎడ్ షీరన్ వచ్చాడు, పుణ్యాత్ముడు, ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. పాడి, సరిగ్గా వారానికి బెంగళూరులో గాయని శిల్పారావుతో కలిసి ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ ఎత్తుకున్నాడు. తెలుగువాడు తెలుగు పాట వినడానికి కూడా రైలెక్కాలన్నమాట.

కొన్న ధరకు మించి టికెట్లు తిరిగి అమ్మడాన్ని నిషేధిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించింది. అంత పెద్ద కోరిక మనకొద్దు. రేపు మన ఊరికి ఏ బ్యాండ్ వచ్చినా మొత్తం టికెట్లు ఎన్ని, అందులో స్పాన్సర్లకు, అతిథులకు పోగా మామూలు జనానికి పెట్టేవి ఎన్ని, ఈ రెండంకెలు అమ్మకానికి ముందురోజే ప్రకటించాలని ఒక్క నిబంధన పెట్టండి చాలు. సినిమా టికెట్ల మీద జీవోలు రాయడంలో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ చేయి తిరిగింది. అదే కాగితం, అదే కలం. ఈ ఒక్కటీ రాసి పెట్టమని మనవి.