నల్లా మోటారు నీతిశాస్త్రం

మా కాలనీకి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి ఐదున్నరకి పోతాయి. ఆ గంటలో సంపులో పడ్డవే నీళ్లు, మిగతాదంతా ట్యాంకరు. కిందటి వేసవిలో మా ఎదురింటాయన నల్లాకి మోటారు బిగించాడు. ఆయన సంపు నిండి, పొంగి, వాకిట్లో ముగ్గు కొట్టుకుపోయి, ఒక పాయ రోడ్డు దాటి మా గేటు దాకా వచ్చింది. ఆ రోజు మా ఇంటికి వచ్చిన నీళ్లు అవే.

"ఇదేం న్యాయమండీ?" అని అడిగా. ఆయన నొచ్చుకోలేదు, లోపలికెళ్లి పుస్తకం తెచ్చాడు. రచయిత్రి అయిన్ ర్యాండ్ 1964లో అచ్చు వేయించిన 'ది వర్చ్యూ ఆఫ్ సెల్ఫిష్‌నెస్'. స్వార్థం సుగుణమని అట్ట మీదే ఉంది. "ఎవడి మేలు వాడు చూసుకోవడమే ధర్మం గురువుగారూ. త్యాగం గీగం అన్నీ మనల్ని ఏమార్చడానికి పుట్టినవే" అన్నాడు. ఇన్నాళ్లూ నీళ్లు లాక్కున్నవాళ్లు మొహం చాటేసేవారు. ఈయన దగ్గర పీఠిక ఉంది.

ర్యాండమ్మకి అన్యాయం చెయ్యకూడదు. పక్కవాడి నీళ్లు లాక్కోమని ఆవిడ ఎక్కడా రాయలేదు. దౌర్జన్యం, మోసం కూడదంది. వివేకంగా ఆలోచించే మనుషుల ప్రయోజనాలు ఒకదానితో ఒకటి ఢీకొనవని కూడా అంది. అలా ఢీకొనని మనుషులు ఏ ఊళ్లో ఉంటారో గానీ, మా వీధికి పైపు ఒకటే, వచ్చేది గంటే.

ఎదురింటాయన దగ్గర రెండో వాదం కూడా ఉంది. ఇది టీ కొట్టు దగ్గర ఎవరైనా చెప్పేదే. "అసలు లోకంలో స్వార్థం కానిదేముంది? తల్లి తాను తినకుండా పిల్లాడికి పెట్టినా అది తన తృప్తికే కదా." ఇంగ్లండు తత్వవేత్త థామస్ హాబ్స్‌ది కూడా ఇలాంటి బాణీయే అంటారు. ఆయన ఒకసారి ముసలి బిచ్చగాడికి డబ్బులేస్తే, పక్కనున్న మతాచార్యుడు కారణం అడిగాడట. వాడి అవస్థ చూస్తే నాకు బాధేసింది, వాడికి ఊరటయితే నాకూ ఊరటేగా అన్నాడట. మనవాళ్లు ఇక్కడితో చప్పట్లు కొట్టేస్తారు. కానీ 1726లో అచ్చయిన తన ప్రసంగాల్లో జోసెఫ్ బట్లర్ అనే మతాచార్యుడు ఈ తృప్తి వాదాన్నే పట్టుకున్నాడు. ఆకలి ఉంటేనే అన్నం రుచి. పిల్లాడి కడుపు నిండాలన్న ఆరాటం ముందుంటేనే, నిండాక తల్లికి తృప్తి. ఆ ఆరాటం లేనివాడికి ఎదురుగా ఎవడు తిన్నా తృప్తేం కలుగుతుంది, లెక్క గుర్తొస్తుంది గానీ. ఇది చెబితే ఎదురింటాయన "మీరు కాలమ్ రాసేది కూడా మీ తృప్తికే కదా" అన్నాడు. పారితోషికం సంగతి ఆయనకి తెలియదు కాబట్టి సరిపోయింది.

నెల తిరక్కుండా వీధిలో పదిహేడు మోటార్లు వెలిశాయి. నాలుగున్నరకి కాలనీ అంతా పిండిమర మోత. ఒక్కో మోటారు మీద ఒక గోనె సంచి, దాని మీద తులసి కుండీ. అధికారులొస్తే మొక్క కనపడాలిగా. కనపడకుండా చేసే ఉంగరం దొరికితే మనిషి నీతిగా ఉంటాడా అని ప్లేటో 'రిపబ్లిక్'లో గ్లౌకాన్ అడుగుతాడు. మాకు గోనె సంచి చాలింది. అందరూ ఒకేసారి లాగితే పైపులో నీళ్లకి బదులు గాలి వచ్చింది, పైపు పగులుల్లోంచి పక్క డ్రైనేజీ కూడా కాస్త వచ్చింది. మోటారు లేనప్పుడు సగం నిండే సంపు ఇప్పుడు పావే నిండుతోంది, కరెంటు బిల్లు అదనం. 1950లో అమెరికాలో ర్యాండ్ కార్పొరేషన్‌లో ఇద్దరు గణితజ్ఞులు కట్టిన ఆట ఇదే, దానికే తర్వాత 'ఖైదీల చిక్కు' అని పేరొచ్చింది. ఎవడికి వాడు తెలివిగా ఆడితే అందరూ మునుగుతారు. (ఆ ర్యాండ్ వేరు, ఈ అమ్మకి చుట్టం కాదు.)

మాది చిన్న వీధి. పెద్ద వీధులు కూడా ఉన్నాయి. ర్యాండ్ శిష్యబృందంలోని ఆలన్ గ్రీన్‌స్పాన్ 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకుకి పెద్ద. 2008 అక్టోబరులో బ్యాంకులు కూలుతుంటే చట్టసభ కమిటీ ముందు కూర్చుని, తమ స్వప్రయోజనం కోసమైనా బ్యాంకులు తమ వాటాదార్లను కాపాడుకుంటాయని నమ్మానని, ఆ నమ్మకంలో లోపం కనపడిందని ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్లు మోటారు నడిపాక పైపులో గాలి ఉందని చెప్పడం అన్నమాట.

అక్కడితో ఊరుకోవాల్సింది. నోటిదూల కొద్దీ ఎదురింటాయనకి బ్రయన్ మెడ్లిన్ సంగతి చెప్పాను. ఈ ఆస్ట్రేలియా తత్వవేత్త 1957లో ఒక పేచీ పెట్టాడు. ఎవరి మేలు వారు చూసుకోండని ఊరందరికీ బోధించేవాడు తన మేలు చూసుకుంటున్నట్టా? విన్నవాళ్లంతా అలాగే చేస్తే మొదట మునిగేది వాడేగా. నోరు మూసుకుని ఆచరిస్తేనే గిట్టుబాటు. మరి పైకి చెప్పుకోలేనిది నీతెలా అవుతుంది?

ఎదురింటాయన కళ్లు మెరిశాయి. "అంటే నేను మీకు పుస్తకం చూపించడమే తప్పన్నమాట!" అన్నాడు. నేను సిద్ధాంతానికి దెబ్బ అనుకున్నది ఆయనకి సలహాగా పనికొచ్చింది. నిఖార్సయిన స్వార్థపరుడు ముందు త్యాగాన్ని ప్రచారం చెయ్యాలి. ఈ రహస్యం ఆయనకంటే ముందు కనిపెట్టినవాళ్లు లేకపోలేదు. త్యాగం మీద గంటసేపు మాట్లాడి, శాలువా చాలదని ముఖం మాడ్చుకున్న వక్తల్ని స్వయంగా చూశాను.

మొన్న ఆదివారం ఆయన కాగితం పట్టుకుని వచ్చాడు. కాలనీ సంక్షేమం కోసం నల్లా మోటార్లు తీసేస్తామని ప్రతిజ్ఞ. పైన గురజాడ బొమ్మ. సొంత లాభం మొత్తం మానుకోమని గురజాడ అనలేదు, కొంతే అన్నాడు. ఆ కొంత ఎంతో తేల్చే పని మా కాలనీ సంఘానికి పడింది. సంతకాల్లో మొదటిది ఈయనదే, ఆకుపచ్చ సిరాలో. కింద ఇంకో పదిహేను.

"మరి మీ మోటారో?" అన్నాను.

"ముందు మీరు సంతకం పెట్టండి గురువుగారూ, మీది కూడా పడితే పదిహేడూ పూర్తవుతాయి."

పెట్టాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా పెన్ను కూడా అదే జేబుకి తగిలించుకుని వెళ్లిపోయాడు.